మానిన పిమ్మట రమ్మందుమా? రమ్మని మాన్పింతుమా?

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మనస్సు చెదిరినవారికిని, మత్తుపదార్థములకు లోబడినవారికిని తోడుండి మాటచే సాయపడుట నా వృత్తి. దానిని లోకము కౌన్సెలింగు అనుచున్నది. నేను వైద్యుడను కాను, మందు వ్రాయను. రోగిని వైద్యుని యొద్దకు చేర్చుట, చేరినవానిని నిలుపుట, వాని కుటుంబమును కూర్చుండబెట్టి మాటలాడించుట నా వంతు. కార్యదర్శిగారు "మద్యపాన నిర్మూలనమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుడు" అని నన్ను కోరిరి. వారి యానతిని శిరసావహించుచునే, శీర్షికను కొంచెము మార్చుటకు అనుజ్ఞ వేడుచున్నాను. మద్యమునుగూర్చి మన సభలలో కావలసినంత చెప్పబడినది. త్రాగువానిగూర్చి చెప్పినవారు తక్కువ. నేను వానినిగూర్చియే మాటలాడెదను.

మన సంచికలలో ఏటేట వధూవరుల పట్టిక అచ్చుపడుచుండును. అందు ప్రతి వరుని పేరు ప్రక్కను "దురలవాట్లు లేనివాడు" అని యుండును. చదివి నేను సంతోషింతును. కాని మఱునాడు నా గదికి వచ్చువారిలో మన యింటిపేర్లు గలవారు తక్కువ యేమియు కారు. పట్టికలో లేనివారు నా గదిలోనికి ఎచ్చటినుండి వచ్చుచున్నారు? మనము దాచితిమి గనుక లేరనుకొనుచున్నాము. దాచినకొలది వ్యాధి ముదిరినది గాని తగ్గలేదు.

నేను ఈ వృత్తిని ఏల చేపట్టితినో చెప్పక మానినచో నా మాటకు బలముండదు. నా పినతండ్రి నేతగాడు. గుంటమగ్గమున కూర్చుండి చీర యంచున పువ్వు దించుటలో ఆయనకు మా వీథిలో సాటి లేదు. మొదట సాయంకాలము మాత్రము త్రాగువాడు. పిదప మధ్యాహ్నము. తుదకు తెల్లవాఱగనే ఒక గ్రుక్క పడినగాని నాడె పట్టుటకు చేయి నిలువదయ్యెను. అప్పుదెచ్చి త్రాగెను, పిన్నమ్మ మెడలోని పుస్తెలు తాకట్టుపడెను. కులపెద్దలు పంచాయతీ చేసి, జరిమానా వేసి, గుడిలో దీపమార్పించి ప్రమాణము చేయించిరి. "మానితివా, మాలో నుందువు, మానవా, నీ యింటి శుభాశుభములకు మేము రాము" అనిరి. వారు చెడ్డవారు కారు. వారికి తెలిసిన మార్గమదియొక్కటియే.

మా పినతండ్రి ఆ ప్రమాణమును నిలుపుకొనెను. ఆనాటినుండి చుక్క ముట్టలేదు. మఱునాడు ఒడలెల్ల చెమటపట్టి వణకెను. రెండవ రాత్రి నిద్ర లేదు. మూడవనాడు మంచముమీద కూర్చుండి గాలిలో తెగిన పోగులను ఏఱి ముడివేయుచు, లేని మగ్గమున లేని నాడెను త్రోయుచు, మమ్ముల నెవ్వరినీ పోల్చలేకపోయెను. దయ్యము పట్టినదనిరి. త్రాళ్లతో కట్టిరి. భూతవైద్యుడు వచ్చి వేపమండలతో కొట్టెను. నాలుగవనాటి వేకువను మూర్ఛలు వచ్చి ప్రాణము పోయెను. ప్రమాణములో ఏదో లోపము జరిగినదనియు, అమ్మవారికి ఆగ్రహము కలిగినదనియు ఊరివారు చెప్పుకొనిరి.

ఆయన మాట తప్పి చనిపోలేదు. మాట నిలుపుకొని చనిపోయెను. ఈ సంగతి నాకు ఎన్నో యేండ్లకు, ఈ విద్య నేర్చుకొనునపుడు గాని బోధపడలేదు.

ఆనాడు మేమెఱుగని దానిని ఈ సభలోని ప్రతివారును ఎఱుగవలెనని నా కోరిక. మద్యము మెదడును మందగింపజేయును. ఏండ్లతరబడి నిత్యము త్రాగువాని మెదడు, ఆ మందగింపునకెదురుగా తన్నుతాను రేపుకొనుట నేర్చుకొనును. అకస్మాత్తుగా మద్యము నిలిచిపోయినచో, అదుపు తొలగి ఆ రేపుడు మాత్రమే మిగులును. కొన్ని గంటలకే చేతులు వణకును. చెమట, వాంతి, గుండెదడ తోచును. ఆఱు గంటలు మొదలు రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మొదలు నాలుగు దినములలోపల కొందఱికి స్మృతి చెదరి, లేనివి కనబడును. తాము జీవితమంతయు చేసిన పనినే గాలిలో చేయుచుందురు. వైద్యశాస్త్రమున దీనికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు. ఇది దయ్యము కాదు, శాపము కాదు. వైద్యము చేయనిచో ప్రాణము తీయగల వ్యాధి. వైద్యము చేసినచో నూటికి తొంబదిమందికి పైగా బ్రదుకుదురు. డయజిపామ్, లొరాజిపామ్ వంటి మందులను ఎక్కువ మోతాదుతో మొదలిడి దినదినము తగ్గించుచు, థయమిన్ అను బి1 విటమిను నిచ్చుచు, వైద్యుని కన్నుల యెదుట కొలదిదినములలో ఈ గండము దాటింతురు. త్రాగుట మానవలసినదే, కాని దీర్ఘకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒంటరిగా, ఒక్క పెట్టున మానరాదు.

ఒక్క యింటి దుఃఖమును లోకమున కంటగట్టుచున్నానని తలపకుడు. మన దేశచరిత్రనే చూడుడు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుటకు కూడిన స్త్రీలు సారా దుకాణము మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. అక్షరము తెలియని తల్లులు ప్రభుత్వమును కదిలించిన ఆ ఘట్టమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని 1997లో నిషేధము సడలిపోయెను. అంగడి మూయుటకు ఎంత పట్టుదల చూపబడెనో, త్రాగువాని వణకుచున్న చేతికి వైద్యము చూపుటకు అంత పట్టుదల చూపబడలేదు.

2015 సెప్టెంబరులో తెలంగాణమున కల్తీకల్లును అధికారులు అరికట్టిరి. క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన ఆ కల్లునకు అలవాటుపడిన కూలిజనము, ఆడువారుసైతము, అది దొరకకుండుటచే వణకుచు, మూర్ఛిల్లుచు, మతి చలించి ఆసుపత్రులకు పరుగిడిరి. 2020 మార్చిలో కరోనా నిర్బంధమువలన దుకాణములన్నియు ఒక్క దినమున మూతపడినపుడు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారే గుంపులుగా వచ్చిరి. కల్తీని ఆపుట ధర్మమే. కరోనానాడు అంగడి మూయుట తప్పనిసరియే. ఐనను అంగడి మూసిన దినముననే ఆసుపత్రి ద్వారము వెడల్పు చేయవలెనని ఈ రెండును మనకు నేర్పినవి.

కేంద్రప్రభుత్వ సామాజిక న్యాయశాఖకై ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసి, 2019లో ప్రకటించిన సర్వేక్షణ ప్రకారము మన దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారు. అందు దాదాపు 5.7 కోట్లమందికి మద్యముచే కలిగిన చిక్కులకు సాయము కావలసియున్నది. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కనికి మాత్రమే ఏదో యొక విధమైన చికిత్సయో, సాయమో దొరకినది. తక్కిన ముప్పదియేడుగురు ఏమైరి? కొందఱు ప్రమాణములు చేసిరి. కొందఱు మాల ధరించి నలుబది దినములు మాని నలుబదియొకటవ దినమున మరల మొదలిడిరి. కొందఱు మా పినతండ్రి పోయిన త్రోవనే పోయిరి.

ఇక చికిత్స యనగా ఏమి? మందుతో గండము దాటుట మొదటి మెట్టు. తరువాతి మెట్లు మాటతో ఎక్కవలసినవి. త్రాగువానిని చూడగానే మనమందఱము అడుగు ప్రశ్న "సిగ్గులేదా?" యనునది. వానికి సిగ్గున్నది; అది యెక్కువగుటచేతనే మరల త్రాగుచున్నాడు. నేను నా గదిలో వేఱు ప్రశ్నలు వేయుదును: "అన్నా, త్రాగుడు నీకేమి యిచ్చుచున్నది? ఏమి తీసికొని పోవుచున్నది?" మొదటిదానికి సమాధానము చెప్పుటకు వాడు తడబడును, ఎవ్వరును దానిని అంతకుముందు అడిగియుండరు. నిద్ర యిచ్చుచున్నదని ఒకడును, సావుకారు ముందు నోరు తెఱచు ధైర్యమిచ్చుచున్నదని ఒకడును, చచ్చిన బిడ్డ జ్ఞాపకమును కొంతసేపు మఱపించుచున్నదని ఒకడును చెప్పుదురు. రెండవదానికి సమాధానము వాడే కన్నీళ్లతో చెప్పును; నేను చెప్పనక్కఱలేదు. మానవలెనను కోరిక వాని నోటనే పుట్టవలెను. నా నోట పుట్టినచో గడప దాటకముందే చచ్చును. ఈ పద్ధతిని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983లో గ్రంథస్థము చేసెను.

దీనికి పెద్ద చదువులు కావలెనా? అక్కఱలేదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఒక ప్రయోగము చేసిరి. వైద్యవిద్య లేని సామాన్యులకు శిక్షణమిచ్చి, హానికరముగా త్రాగు పురుషులతో నాలుగు మారులకు మించకుండ మాటలాడించిరి. మూడు నెలల పిమ్మట చూడగా, మామూలు సలహా పొందినవారిలో నూటికి 26 మంది కుదుటపడియుండగా, ఈ మాటల సాయము పొందినవారిలో నూటికి 36 మంది కుదుటపడిరి. 2017లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ఇది ప్రకటింపబడినది. పది గొప్పసంఖ్య కాదని తోచవచ్చును. ఆ పదిమంది మన యింటివారైనపుడు దాని విలువ తెలియును.

ఇపుడు సభవారు కొంచెము ఓపికతో వినవలసిన మాట యొకటి కలదు. ద్వారము తెఱచితిమని చెప్పి, లోపలికి కొందఱినే రానిచ్చుట ఆదరణము కాదు.

మొదట స్త్రీలు. భర్త త్రాగుడుచే నలిగి, నిద్రాహారములు మాని, నూతివైపు చూచు ఇల్లాలు రోగి కాదా? ఆమెను "ఓర్చుకొనుమమ్మా" అని పంపివేయుచున్నాము. రహస్యముగా త్రాగు స్త్రీలును కలరు. పురుషునికి పదిమంది హితవు చెప్పుదురు గాని ఆమెకు నింద తప్ప మఱొకటి దొరకదు.

రెండవది యువకులు. ఒక పిల్లవాడు నా యొద్దకు వచ్చెను. పేరు చెప్పను, ఊరు చెప్పను. మూడు మారులు మాని మూడు మారులు మొదలిడెను. నాలుగవ మారు నేలచూపులు చూచుచు, తనకు స్త్రీలయందు మనస్సు పోదనియు, పురుషునియందే ప్రేమ కలుగుననియు, ఇంటిలో "పెండ్లి చేసిన కుదురుకొనును" అని సంబంధము చూచుచున్నారనియు చెప్పెను. వాని వ్యాధి త్రాగుడు. వాని స్వభావము వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోనే దానిని వ్యాధుల పట్టికనుండి తొలగించినది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన అది నేరము కాదని తీర్పు చెప్పినది. దానిని "మార్చెదను" అను వైద్యము వృత్తిధర్మమునకు విరుద్ధమని జాతీయ వైద్యమండలి 2022లో తేల్చినది. నేను వానిని మార్చుటకు యత్నింపలేదు. వానితో నిజము దాచనక్కఱలేని గది యొకటి లోకమున కలదని చూపితిని. వాడు త్రాగుట మానుటకు అప్పుడు గాని త్రోవ దొరకలేదు. పెండ్లిని మందుగా వాడినచో ఒక జీవితమునకు మారుగా రెండు జీవితములు చెడును.

మూడవది హిజ్రాలు, అన్యకులమున పెండ్లియాడినవారు, భర్తను విడిచిన స్త్రీలు, మనము పేరెత్తుట మానివేసిన బంధువులు. మనము వారిని విడిచితిమి. వారి మనోవ్యథ వారిని విడువలేదు. 2017లో చేయబడి, 2018 మే 29వ తేదీనుండి అమలులోనున్న మానసిక ఆరోగ్యరక్షణ చట్టము స్త్రీపురుషభేదము, లైంగికస్వభావము, మతము, కులము మొదలగు ఏ భేదమును పాటింపక అందఱికి చికిత్స నీయవలెనని శాసించుచున్నది. మద్యమువలన కలుగు మానసికస్థితిని అది వ్యాధిగా నంగీకరించినది. రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. ఆత్మహత్యకు యత్నించినవానిని దుర్భరవేదనకు లోనైనవానిగా నెంచి ఆదుకొనవలెనన్నది. చట్టము తెఱచిన తలుపును కులము మూయరాదు.

పెద్దలు కొందఱు నన్నడుగుదురు: "ఇట్లు అందఱిని ఆదరించినచో నీతి యేమగును? త్రాగువానికి భయముండవలదా?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నా సమాధానమిది: మనుష్యుని ఆదరించుట వాని చేతను ఆదరించుట కాదు. భార్యను కొట్టువానిని సహింపుమని నేనే స్త్రీకిని చెప్పను. ఆమెకు 2005 నాటి గృహహింస నిరోధకచట్టము రక్షణమున్నది. ముందు ఆమె క్షేమము, తరువాత వాని చికిత్స. కాని భయముచే మానినవాడు భయము తీఱగనే త్రాగుట నేను నిత్యము చూచుచున్నాను. భయము వ్యాధిని దాచును, నయము చేయదు.

మన కులమువారు కొలుచు మార్కండేయుని కథనే తలపోయుడు. మృత్యువు వెన్నంటి వచ్చినపుడు ఆ బాలుడు లింగమును కౌగిలించుకొనెను. ఈశ్వరుడు "నీ యోగ్యత యేమి?" అని విచారణ చేయలేదు, ముందు పాశమునకు అడ్డునిలిచెను. మగ్గముమీద పోగు తెగినచో మనము పడుగు నంతయు కోసి పారవేయము. మగ్గము నాపి, తెగిన కొనను వెదకి, ముడివేసి, మరల నేయుదుము. నూలునకు చూపు ఓర్పును మనుష్యునకు చూపుమని అడుగుచున్నాను.

ఈ మహాసభ ముందు నాలుగు మనవులు ఉంచుచున్నాను. ఇవి తీర్మానములైనచో మిక్కిలి సంతోషింతును.

మొదటిది: త్రాగువానిచే ప్రమాణము చేయించుటకు ముందు వానిని వైద్యునికి చూపవలెను. జరిమానా, వెలి అను మాటలను మన నియమావళినుండి తొలగింపవలెను. ఆ జరిమానాసొమ్ము ఆసుపత్రికి బండికూలి యగును.

రెండవది: మండలమునకు ఇద్దఱు స్త్రీలను, ఇద్దఱు పురుషులను ఎన్నుకొని, జిల్లా ఆసుపత్రిలోని మానసికవైద్యులచే శిక్షణ మిప్పించి, విన్నమాట బయట పెట్టమను కట్టుబాటుతో నియమింపవలెను. త్రాగువాడు మూడు దినములు దాటువఱకు వారిలో నొకరు వాని మంచముచెంత నుండవలెను.

మూడవది: మన విద్యార్థి వసతిగృహమున మత్తునకు లోబడిన పిల్లవానిని వెంటనే వెళ్ళగొట్టు నిబంధనను మార్చి, ముందు చికిత్సకు పంపి, చదువు నిలుపవలెను.

నాల్గవది: భోజనములో కలిపి తెలియకుండ త్రాగుడు మాన్పింతుమని అమ్ము పొడులను మన యిండ్లలో వాడరాదు. డైసల్ఫిరామ్ అను మందు తిన్నవాడు తెలియక మద్యము పుచ్చుకొన్నచో రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ మందు రోగికి తెలిసి, రోగి యిష్టముతో, వైద్యుని చేతిమీదుగా మాత్రమే వాడదగినది.

సాయము దూరముననున్నదనుకొనకుడు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, రాత్రింబవళ్లు పలుకుదురు. మత్తు మాన్పించు సాయమునకు 14446 అను సంఖ్య కలదు. రూపాయి ఖర్చు లేదు. వచ్చే యేటి సంచికలో వధూవరుల పట్టికకు ముందు ఈ రెండు సంఖ్యలను పెద్దయక్షరములతో అచ్చువేయుడని సంపాదకులను ప్రార్థించుచున్నాను.

మా పినతండ్రి నేసిన చీర యొకటి మా పిన్నమ్మ పెట్టెలో నేటికిని ఉన్నది. అంచునందలి పువ్వు చెక్కుచెదరలేదు. ఆ చేతులు మూడు దినములు వణకినవి. నాలుగవ దినము దాటించువారుండినచో ఇంకెన్ని చీరలు నేసియుండెడివో! ఆయనతో మనవారు "మానిన పిమ్మట రమ్ము" అనిరి. ఇకమీదట ఈ సంఘము "రమ్ము, కలిసి మాన్పించెదము" అని పలుకవలెనని వేడుకొనుచున్నాను.